అరికాలి పుండుకు సిమెంటు కట్టా, తీసి తొడుక్కునే బూటా?

మధుమేహంతో స్పర్శ పోయిన అరికాలిలో పుండు మానకపోవడానికి ముఖ్య కారణం, నొప్పి తెలియక అదే చోట మళ్లీ మళ్లీ బరువు మోపడమే. ఆ బరువు తప్పించడానికి మోకాలి కింది వరకు వేసే సిమెంటు కట్టు ఒక మార్గం, ప్రత్యేకమైన బూటు మరొకటి. పాలకొండ వైపు వరినాట్ల వేళ రైతు ఆ బూటును గట్టు మీద విడిచి మడిలోకి దిగుతాడు, ఇంటికొస్తే గుమ్మం దగ్గరే వదిలేస్తాడు. పుండు ముదరడానికి ఆ కొద్ది అడుగులే చాలు. అందుకే, పని మానుకోవలసి వచ్చినా సరే, సొంతంగా విప్పుకోలేని కట్టే మేలని నా దృఢాభిప్రాయం. దాన్ని సాధారణంగా వారానికొకసారి మార్చుతూ, పుండు అంచున గట్టిపడిన చర్మాన్ని చెక్కి శుభ్రం చేస్తారు. అయితే పాదానికి రక్తప్రసరణ బాగా తగ్గినా, చీము పట్టినా కట్టు తగదు. అప్పుడు రోజూ విప్పి చూసుకోగల బూటునే వాడుతూ, వెంటనే ఆ జబ్బులకు వైద్యం చేయించుకోవాలి. పుండు మానాక, వెనక పట్టీ ఉన్న మెత్తని ఎంసీఆర్ (సన్నని గాలి గదులుండే రబ్బరు) చెప్పులను ఇంట్లోనూ తొడుక్కోవాలి.