క్రిస్మస్ కార్డులు ‘పోస్టింగు కూడా మాదే’ అంటే నమ్మకండి, గుంటూరు వాళ్ళు జాగ్రత్త

ఇది రాస్తుంటే ఇంకా చేతులు వణుకుతున్నాయి. గుంటూరులో ఈ ఏడు క్రిస్మస్ కార్డులు వేయించుకుని, వాటిని పోస్ట్ చేసే పని కూడా ఆ షాపుకే అప్పజెప్పినవాళ్ళు ఎవరైనా ఉంటే, దయచేసి రేపు పొద్దున్నే వెళ్ళి మీ కవర్లు ఎక్కడున్నాయో కళ్ళారా చూసుకోండి. షాపు పేరు ఇక్కడ రాయను. ‘అచ్చూ మేమే, పోస్టింగూ మేమే’ అంటూ నవంబరులో మన ఫోన్లన్నిటికీ తిరిగిన ఆ ప్యాకేజీ మెసేజ్ చూసినవాళ్ళకు నేను ఎవరి గురించి చెబుతున్నానో వేరే చెప్పక్కర్లేదు.

ముందు జరిగింది త్వరగా చెప్పేస్తాను. మా ఇంట్లో ఏటా కుటుంబం ఫోటోతో కార్డు వేయించి చుట్టాలకు, స్నేహితులకు, నాన్న దగ్గర చదువుకున్నవాళ్ళకు పంపుతాం. ఈసారి 140 వేయించాం. 139 పంపడానికి, ఒకటి ఇంట్లో ఆల్బంలో పెట్టుకోవడానికి. కార్డుకు 28 రూపాయలు, పోస్టింగుకు కవరుకు 10. వెరసి 5,310. అడ్వాన్సు ఇస్తే సరిపోయేది, నేను మొత్తం ఒకేసారి ఫోన్లో కొట్టేశాను. ఆ తప్పు నాదే. షాపాయన “వందనాలు సిస్టర్” అని ఎంత మర్యాదగా పలకరించాడో, మనవాళ్ళే కదా అనుకున్నాను.

కవరుకు 10 రూపాయలెందుకని అడక్కపోలేదు. కార్డు 300 జీఎస్ఎం, బాగా దళసరి, కవరుతో కలిపితే 20 గ్రాములు దాటుతుంది, 20 వరకైతే 5 రూపాయలు, దాటితే ఇంకో 5 అన్నాడు. పోస్టాఫీసు రూలు నిజంగా అదే. అందుకే ఇంకో మాట మాట్లాడలేదు.

కార్డులు చేతికి వచ్చాక అమ్మ వారం రోజులు కూర్చుని రాసింది. బొటనవేలు నొప్పి వల్ల రోజుకు ఇరవై కంటే రాయలేదు. అడ్రసులు ఒక్కటే అయితే ఎప్పుడో అయిపోను. ప్రతి కార్డు లోపల రెండు లైన్లు రాస్తుంది. “మనవరాలికి ఉద్యోగం వచ్చిందట, చాలా సంతోషం” అని ఒకరికి, “మోకాలి ఆపరేషన్ అయ్యాక మెట్లెక్కుతున్నావా” అని ఇంకొకరికి. ఎవరి సంగతి వాళ్ళకే. అడ్రసుల కోసం అట్ట ఊడిపోయిన లాంగ్ నోట్‌బుక్ ఒకటుంది. అందులో పోయినవాళ్ళ పేరు అమ్మ కొట్టెయ్యదు. పక్కన చిన్న సిలువ గుర్తు పెట్టి, కింద వాళ్ళ పిల్లల అడ్రసు రాసుకుంటుంది. నాన్న పోయాక మాకిది మూడో క్రిస్మస్.

డిసెంబరు 9న కట్టలు కట్టి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. స్టాంపులు నేను అంటిస్తానంటే వద్దన్నాడు. “బల్కు కదా సిస్టర్, ఫ్రాంకింగ్ ముద్ర వేయించేస్తాం, స్టాంపులతో పనేముంది” అన్నాడు. మర్నాడు సాయంత్రం మెసేజ్ వచ్చింది, అన్నీ పోస్ట్ అయిపోయాయని. దాంతో పాటు పోస్టాఫీసు బోర్డు ఫోటో. ఇప్పుడు ఆ ఫోటో మళ్ళీ తీసి చూస్తున్నాను. బోర్డుంది, గేటుంది, గేటు ముందు స్కూటర్లున్నాయి. మా కవరు ఒక్కటీ లేదు. ఆ రోజే ఇది ఎందుకు చూడలేదో నాకే తెలియడం లేదు.

తెనాలి పిన్ని కార్డు అందిన రోజే ఫోన్ చేస్తుంది. చెయ్యలేదు. ఒంగోలు వాళ్ళు చెయ్యలేదు. నరసరావుపేట నుంచి పెదనాన్న కొడుకు ఏకంగా “ఈసారి మమ్మల్ని లిస్టులోంచి తీసేశారా అక్కా” అని అడిగాడు. పండగ రద్దీ, పోస్టు ఆలస్యమవుతుందిలే అంటూ అమ్మ 21 దాకా సర్దుకుంది. 22న నేను షాపుకు వెళ్ళాను.

వెళ్ళేసరికి కొత్త సంవత్సరం క్యాలెండర్ల ఆర్డరు ఇవ్వడానికి ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. నన్ను చూసి మామూలుగానే “వందనాలు సిస్టర్” అన్నాడు. కార్డులు ఎవరికీ అందలేదండీ అన్నాను. పోస్టు వాళ్ళ సంగతి తెలిసిందే కదా సిస్టర్, మన చేతుల్లో ఏముంది అన్నాడు. ఆయన మాట వింటూనే పక్కకు చూశాను. పేపరు కోసే మెషీన్ పక్కన నేల మీద ఒక అట్టపెట్టె, దాని మీద ఒక కవరు, కవరు మీద టీ గ్లాసు.

గ్లాసు కింద ఉన్నది అమ్మ రాత. “శ్రీమతి” రాసేటప్పుడు “శ్రీ” కింద ఉండే రావత్తును అమ్మ కింది లైను దాకా లాగుతుంది. చిన్నప్పటి నుంచి నా ప్రోగ్రెస్ కార్డుల మీద, ఊరగాయ జాడీల చీటీల మీద చూసిన రాత అది, వీధి చివర నుంచి చూపించినా గుర్తుపడతాను. నేను గ్లాసు ఎత్తాను. కవరు మీద గుండ్రంగా టీ మరక, ఇంకా తడిగానే ఉంది. ఒంగోలు అన్న అక్షరాలు ఉబ్బిపోయి, పిన్‌కోడ్‌లో చివరి రెండు అంకెలు నీలంగా కరిగిపోయాయి.

పెట్టె తెరిచాను. మా కట్టలే. నేను వేసిన ఎర్ర రబ్బరు బ్యాండ్లు కూడా తియ్యలేదు. రెండు కట్టలు ఊడి, లోపల కవర్లు నలిగి ఉన్నాయి.

ఇవేంటండీ అన్నాను. ఒక్క క్షణం తడుముకోలేదు. “అవి రిటర్న్ వచ్చినవి సిస్టర్. మీ పిన్‌కోడ్లు తప్పు.”

మా అమ్మ పిన్‌కోడ్లు తప్పు అన్నాడు. దేశంలో పిన్‌కోడ్ 1972లో వచ్చింది. అప్పటి నుంచి రాస్తున్న మనిషి మా అమ్మ, సందేహం వస్తే వాళ్ళ పిల్లలకు ఫోన్ చేసి అడిగి మరీ రాస్తుంది. నేను ఒక కవరు తీసి అందరి ముందూ తిప్పి చూపించాను. స్టాంపు లేదు. ఫ్రాంకింగ్ ముద్ర లేదు. పోస్టాఫీసు తేదీ ముద్ర ముందూ లేదు, వెనకా లేదు. తిరిగొచ్చిన కవరు మీద ఎందుకు తిరిగొచ్చిందో పోస్ట్‌మ్యాన్ రాస్తాడు, అదీ లేదు. పోస్టాఫీసు గడపే తొక్కని కవరు రిటర్న్ ఎలా వస్తుందండీ అని అడిగాను.

అప్పటిదాకా ఉన్న సిస్టర్ ఆ మాటతో “ఏంటమ్మా” అయిపోయింది.

“ఏంటమ్మా, షాపులో నిలబడి ఈ గోల? సీజన్లో లేబర్ దొరక్క నేను చస్తుంటే! నాలుగు కార్డులు లేటయితే కొంపలు మునిగిపోతాయా? అయినా ఈ రోజుల్లో కార్డు ఎవడు చూస్తాడమ్మా, వాట్సాప్‌లో కొట్టుకోండి, కావాలంటే ఫైలు పంపిస్తా.” లోపల కంప్యూటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు పక్కున నవ్వాడు.

నాకు నోట మాట రాలేదు. పెట్టె ఎత్తుకుని బయటికి వచ్చేశాను. ఆటోలో ఏడుపు ఆగలేదు.

ఆయనకు అక్కడే చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను. నాన్న ఏటా డిసెంబరులో చెప్పే మాట ఒకటుండేది. మన గుంటూరుకు ఫాదర్ హయ్యర్ అనే లూథరన్ మిషనరీ వచ్చింది 1842లో. లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన మొదటి క్రిస్మస్ కార్డు అచ్చు వేయించింది ఆ మరుసటి ఏడు, 1843లో, వెయ్యి కాపీలు. వచ్చిన ఉత్తరాలన్నిటికీ జవాబు రాసే తీరిక లేక ఆ పని చేశాడట. కాబట్టి కార్డు పుట్టిందే తీరిక లేనివాళ్ళ కోసం, అందుకే మనం దాంట్లో రెండు మాటలు చేత్తో రాసి తీరాలి, లేకపోతే అది అచ్చాఫీసు పంపినట్టు ఉంటుంది అనేవాడు నాన్న. వాట్సాప్‌లో ఫైలు పంపితే అమ్మ రాసిన ఆ రెండు లైన్లు ఎక్కడి నుంచి వస్తాయి?

ఇంటికొచ్చి లెక్కపెట్టాం. 139కి 111 ఉన్నాయి. 28 లేవు. ఫోన్ చేస్తే మిగతావి వేసేశామన్నాడు. ఆ 28 మందిలో ఫోన్ నంబరు ఉన్నవాళ్ళందరినీ అడిగాను, ఒక్కరికీ అందలేదు.

అదే మధ్యాహ్నం ఆ 111 తీసుకుని పోస్టాఫీసుకు వెళ్ళాం. కౌంటర్లో ఉన్నావిడ ఒక కవరు తూకం మీద పెట్టి, “16 గ్రాములేనండీ, 5 రూపాయల స్టాంపు చాలు” అన్నారు. నాకు మళ్ళీ గుండె ఝల్లుమంది. ఇంటికొచ్చి కార్డును విప్పి స్కేలుతో కొలిచాను, 10 అంగుళాలకు 7. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో ఆ లెక్క. 300 జీఎస్ఎం కాగితమైతే ఆ కొలతకు కార్డు ఒక్కటే దాదాపు 13న్నర గ్రాములు తూగాలి. వంటింట్లో కేకు పిండి తూచే కాటా మీద పెడితే 10 చూపించింది. అంటే కాగితం పల్చటిది వేసి దళసరి కాగితం డబ్బు తీసుకున్నాడు. ఆ లేని బరువు చూపించి పోస్టింగుకు రెట్టింపు తీసుకున్నాడు. చివరికి ఆ పోస్టూ వెయ్యలేదు.

పోస్టాఫీసు బల్ల దగ్గర కూర్చుని అమ్మ స్టాంపులకు ఒక్కొక్కటికీ జిగురు రాసి అంటించింది. ఒంగోలు కవరు మార్చి మళ్ళీ అడ్రసు రాసింది. షాపువాణ్ణి ఒక్క మాట అనలేదు. రాత్రి మాత్రం నోట్‌బుక్ ముందేసుకుని లేని పేర్లకు పెన్సిల్‌తో గీత పెడుతూ, నరసాపురం దగ్గర ఆగిపోయింది.

నరసాపురంలో ఉన్నావిడ అమ్మతో హాస్టల్లో కలిసి చదువుకున్న స్నేహితురాలు. ఆమెకు చెవులు వినపడవు, ఫోన్లో మాట్లాడలేరు. పిల్లలు దగ్గర లేరు. వీళ్ళిద్దరికీ ఏడాదికి ఒక్క కార్డే మాట. ఆమె కార్డు డిసెంబరు 15 లోపే మా ఇంటికి వచ్చేసింది, హాల్లో దారం మీద వేలాడుతోంది. మాది ఆమెకు చేరలేదు. అమ్మ నన్ను చూసి, “కార్డు రాకపోతే నేను పోయాననుకుంటుందే” అంది.

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో మిగిలింది ఆల్బం కోసం పెట్టుకున్న కార్డు ఒక్కటే. అమ్మకు పెళ్ళయిన ఏడాది నుంచి ఒక్క ఏడు కూడా ఖాళీ లేకుండా కార్డులు పెట్టుకున్న ఆల్బం అది. పొద్దున లేచేసరికి అమ్మ దాన్ని తీసి రాసేసింది, ఈసారి రెండు లైన్లు కాదు, రెండు వైపులా నిండా. ఇవాళ స్పీడ్ పోస్టులో పంపాను. సాయంత్రం ట్రాకింగ్ చూస్తే గుంటూరు నుంచి బయల్దేరినట్టు ఉంది.

డబ్బు వెనక్కి ఇమ్మంటే 500 ఇస్తానని మెసేజ్ పెట్టాడు. వద్దన్నాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. పేమెంట్ వివరాలు, ఆయన పంపిన మెసేజ్, ఆ బోర్డు ఫోటో అన్నీ దాచాను.

మీరు చెయ్యాల్సింది పెద్దగా ఏం లేదు. అచ్చు ఎవరి దగ్గరైనా వేయించుకోండి, స్టాంపులు మీరే అంటించండి, మీ చేత్తోనే పోస్టాఫీసులో ఇవ్వండి. మామూలు ఉత్తరానికి రసీదు ఉండదు. ఒకప్పుడు సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ అని ముద్ర వేసి ఇచ్చేవాళ్ళు, 2011లో అదీ ఎత్తేశారు. కాబట్టి ఎవడైనా వేశానని చెబితే మన దగ్గర రుజువు ఉండదు. డబ్బు సగం ఇవ్వండి, కార్డు చేతికొచ్చాక తూచి చూసుకుని మిగతా సగం ఇవ్వండి.

ఇంకొకటి, అసలు ఇవాళే కూర్చుని ఇది రాయడానికి కారణం. ఆ పెట్టెలో మా కట్టల కింద ఇంకో రెండు కట్టలున్నాయి, మావి కావు. వాటిని అక్కడే కౌంటరు మీద పెట్టి వచ్చాను, తీసుకొచ్చి ఉండాల్సింది. ఒకదాని పై కవరు మీద గులాబి రంగు స్కెచ్ పెన్నుతో చిన్నపిల్లలు రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలున్నాయి. “అమ్మమ్మకు” అని, కింద పాలకొల్లు అని ఉంది. మూలన ఒక నక్షత్రం గీసి ఉంది. ఆ కట్ట మీదైతే, రేపు 24, షాపు తీసే ఉంటుంది. పొద్దున్నే వెళ్ళి తెచ్చుకోండి.