జీబోర్డ్ తెలుగు వాయిస్ టైపింగ్: చిల్లర సమయంలో కథ రాసేవాళ్లకి ఎంతవరకు పనికొస్తుంది?

ఆఫీసు, వంట, పిల్లల హోంవర్కు అన్నీ అయ్యాక తీరిగ్గా రాద్దామనుకుంటే కథ తెమలదు. రోజులో దొరికేదంతా చిల్లర సమయమే: ఇడ్లీ ఆవిరి మీదున్న పది నిమిషాలు, బస్సు కోసం నిలబడ్డ కాసేపు, పొద్దున నడక. వేళ్లతో తెలుగు కొట్టడానికి అవి చాలవు, చెప్పడానికి చాలు. గూగుల్ తన ఫోన్ కీబోర్డు యాప్ జీబోర్డ్‌లో 2017 ఆగస్టులో తెలుగుకి వాయిస్ టైపింగ్ ఇచ్చింది, అంటే మాట్లాడితే అక్షరాలు పడతాయి. చాలాకాలంగా కథల చిత్తుప్రతులకు ఇదే వాడుతున్నాను.

జీబోర్డ్ సెట్టింగ్స్‌లో రెండు చోట్ల తెలుగు పెట్టాలి. భాషల్లో తెలుగు కీబోర్డు చేర్చడం ఒకటి, వాయిస్ టైపింగ్ కింద భాషల్లో తెలుగు ఎంచుకోవడం రెండోది. రెండోది మర్చిపోతే మీరు తెలుగు మాట్లాడుతుంటే అది ఇంగ్లిష్ వింటుంది, తెర మీద పిచ్చిరాతలు పడతాయి. గూగుల్ కీప్ అనే నోట్సు యాప్‌లో కథకో నోట్ తెరిచి, పైన సన్నివేశం గురించి ఒక్క వాక్యం ముందే రాసి ఉంచుకోవాలి. అది లేకపోతే ఉన్న పది నిమిషాల్లో మూడు ఎక్కడ ఆపామో వెతకడానికే పోతాయి.

కుక్కర్ కూత, మిక్సీ, బస్సు హారన్ దీనికి పడవు. మేడ మీద, ఆపి ఉన్న కారులో, పార్కులో బాగా వింటుంది. వైరున్న ఇయర్‌ఫోన్ మైకుని గడ్డం కిందికి ఉంచాలి; నోటికి ఎదురుగా పెడితే ఊపిరి తగిలి మాట చెడుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉంటే మధ్యలో మాటలు మింగేస్తుంది. కాసేపు ఆలోచిస్తూ ఆగితే మైకు ఆగిపోతుంది. అందుకని వాక్యం మనసులో పూర్తయ్యాకే నొక్కడం అలవాటు చేసుకోవాలి. పది నిమిషాల్లో ఆలోచనతో కలిపి రెండు వందల మాటల దాకా పడతాయి. దిద్దడానికి ఇంచుమించు అంతే సమయం కావాలి.

తప్పుల సంగతి. చుక్కలు, కామాలు, కొటేషన్లు చేత్తో పెట్టుకోవాల్సిందే. అంకెలు ఎలా వస్తాయో చెప్పలేం, ‘పదిహేను’ అంటే ఒకసారి మాటగా, ఒకసారి 15గా. అసలు బాధ దీర్ఘాలతో. ‘రాముడూ వచ్చాడు, సీతా వచ్చింది’ అంటే ‘రాముడు వచ్చాడు సీత వచ్చింది’ అని పడుతుంది. ఆ దీర్ఘంలోనే ఉన్న ‘కూడా’ ఎగిరిపోతుంది, పైకి తప్పులా కనబడదు కూడా. యాస దగ్గర ఇంకా మొండి. ‘ఏడికి పోతున్నవ్‌రా’ అని చెబితే ఒక్కోసారి ‘ఎక్కడికి పోతున్నావు రా’ అని పుస్తకభాషలోకి దిద్దేస్తుంది. తెలంగాణ, ఉత్తరాంధ్ర, సీమ పలుకుబడితో రాసేవాళ్లు సంభాషణలన్నీ మళ్లీ పోల్చుకోక తప్పదు. ‘ఫోన్‌లో’ లాంటి చోట పొల్లు పోయి ‘ఫోన్లో’ అవుతుంది. ఇది మాత్రం పెద్ద నేరమేం కాదు.

అందుకే దిద్దుబాటు ఆ రాత్రికే అయిపోవాలి. వారం ఆగితే తప్పుగా పడ్డ మాట వెనక అసలు మాటేమిటో మనకే తట్టదు. పైకి చదువుతూ దిద్దితే పోయిన దీర్ఘాలు చెవికి దొరుకుతాయి. మరీ గోలగా ఉన్న చోట టైపింగ్ మానేసి మామూలు రికార్డర్‌లో చెప్పుకోవచ్చు. కానీ దాన్ని మళ్లీ వినడానికి అంతే సేపు పడుతుంది, వినని రికార్డింగులు ఫోన్‌లో పేరుకుపోతాయి. రెండు నిమిషాలకు మించి చెప్పకపోవడం మేలు.

చిత్తుప్రతి కాస్త పెరిగాక కీప్ నుంచి గూగుల్ డాక్స్‌కి కాపీ చేసుకోవాలి. ల్యాప్‌టాప్‌లో క్రోమ్ ఉంటే డాక్స్ టూల్స్ మెనూలోనూ వాయిస్ టైపింగ్ ఉంది, తెలుగు ఎంచుకోవచ్చు. అక్కడా విరామచిహ్నాలు చెబితే పడవు.

సంభాషణలకు, వ్యాసం తొలిప్రతికి, జ్ఞాపకాలకు ఇది భేషుగ్గా ఉంటుంది. కవిత్వానికి వద్దు, పాదం ఎక్కడ విరగాలో దానికి తెలియదు. వర్ణన కూడా నోటితో చెబితే సాగదీత ఎక్కువవుతుంది, మూడో వంతు కొట్టేయాల్సి వస్తుంది. పత్రికకు పంపేముందు ఒక్కటి చూసుకోండి: దీనిలో వచ్చేది యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి. ఇప్పటికీ యూనికోడ్ కాని పాత డీటీపీ అక్షరాలైన అను ఫాంట్లతో పేజీలు పెట్టే పత్రికలున్నాయి. వాళ్లు మార్చుకున్నప్పుడు కొన్ని ఒత్తులు చెదురుతాయి, కాబట్టి ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా జతచేయండి.