అటల్ బీమిత వ్యక్తి కల్యాణ్ యోజన: సీజన్ కార్మికుడికి అందని నిరుద్యోగ భృతి

పని పోయిన బీమా కార్మికులకు ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) సంస్థ 2018 జులై 1 నుంచి ఈ పథకం కింద, జీవితకాలంలో గరిష్ఠంగా 90 రోజుల భృతి చెల్లిస్తోంది. సగటు దినసరి ఆదాయంలో 25 శాతంగా ఉన్న భృతిని 2020లో కరోనా సమయంలో 50 శాతానికి పెంచారు. యజమానితో పని లేకుండా కార్మికుడే నేరుగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకొనే వీలు కూడా అప్పుడే కల్పించారు. మానేసిన పనిచోటుకు వెళ్లి సంతకం కోసం బతిమాలుకోనక్కరలేకపోవడం, డబ్బు సొంత ఖాతాలోనే పడటం ఎంతో మేలైన ఏర్పాట్లు. ఏడాది పొడవునా పని ఉండేవారికి ఈ పథకాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను.

వారానికి కొన్ని రోజులో, ఏడాదిలో కొన్ని నెలలో పనిచేసేవారి సంగతి వేరు. రెండేళ్ల బీమా ఉద్యోగంతోపాటు, పని పోవడానికి వెంటనే ముందున్న ఆరు నెలల చందా (జీతంపై ఈఎస్‌ఐకి జమయ్యే మొత్తం) కాలంలో 78 రోజులు, అంతకుముందున్న మూడు కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు చందా కట్టి ఉండాలి. ఆరు నెలలంటే 26 వారాలు కాబట్టి, వారానికి మూడు రోజులు వెళ్లే దినకూలీకి సరిగ్గా 78 రోజులవుతాయి. జ్వరంతో ఒకటి రెండు రోజులు ఆగిపోయినా అర్హత చేజారవచ్చు. వారానికి రెండు రోజులవారికి ఆశే లేదు.

ఈ కాలాలు ఏప్రిల్, అక్టోబరు నెలల్లో మొదలవుతాయి, పంటలు మాత్రం ఆ లెక్కన రావు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఫిబ్రవరి నుంచి మే చివరిదాకా పనిచేసిన హమాలీ శ్రమ మార్చి 31 దగ్గర రెండు ముక్కలవుతుంది. వారపు సెలవులు కలిపి లెక్కించినా ఒకవైపు 59, మరోవైపు 61 రోజులే వస్తాయి. నాలుగు నెలలు బస్తాలు మోసినా ఏ కాలంలోనూ 78 నిండవు. పత్తి జిన్నింగ్, వేరుశనగ కాయ ఒలిచే మిల్లులు, చక్కెర ఫ్యాక్టరీల కార్మికులకైతే ఈ లెక్క దాకా రావడమే కష్టం: 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం, పూర్తిగా ఆ పనులకే పరిమితమైన కర్మాగారాలను సీజనల్ అని పేర్కొని బీమా పరిధి నుంచే తప్పించింది.

అర్హత దక్కినా మొత్తం చిన్నదే. రెండేళ్ల ఆదాయాన్ని పనిచేసిన రోజులతో కాక 730తో భాగిస్తారు. రోజుకు 500 రూపాయల చొప్పున రెండేళ్లలో 320 రోజులు పనిచేసినవారికి సగటు 219 రూపాయలు తేలుతుంది. అందులో సగం చొప్పున 90 రోజులకు వచ్చేది పది వేలకు లోపే. విడివిడి కాలాల షరతు తీసేసి, రెండేళ్లలో మొత్తం 156 రోజులుంటే చాలని నిర్ణయిస్తే ఎందరో సీజన్ కార్మికులు ఈ భృతికి అర్హులవుతారు.

ఈలోగా పని మానే ముందే ఈఎస్‌ఐ పోర్టల్‌లో ప్రతి కాలానికీ ఎన్ని రోజుల చందా నమోదైందో చూసుకోండి. పనిచేసిన రోజులకంటే తక్కువగా కనిపిస్తే, హాజరు, జీతం రుజువులు చేతిలో ఉండగానే బ్రాంచి కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వండి.