మూత్రాశయ క్యాన్సర్‌కు బీసీజీ మందు: గుణం గట్టిదే, వాడకంలోనే జాగ్రత్త

పేగు పురుగుల్లాంటి పరాన్నజీవులతో క్యాన్సర్‌ను తగ్గించొచ్చా అన్న ప్రశ్న వినిపిస్తోంది. వాటితో సహజ రోగనిరోధక కణాలకు (పుట్టుకతో వచ్చే రక్షణ కణాలకు) తర్ఫీదిచ్చి క్యాన్సర్ మీదికి తోలే ప్రయోగాలు ఎలుకల్లో ఆశ పుట్టిస్తున్నాయి. రోగికి రాసివ్వగల మందు మాత్రం వాటి నుంచి ఇంకా రాలేదు. ఆశపడి పురుగు గుడ్లు కొని మింగొద్దు: పేగు పురుగులు చాలావరకు రోగనిరోధక శక్తిని జోకొడతాయి, షిస్టోసోమా హెమటోబియం అనే పరాన్నజీవి పురుగు అయితే మూత్రాశయ క్యాన్సర్‌నే తెస్తుంది.

తర్ఫీదు సూత్రం కలిసొచ్చే మందుల్లో ఇవాళ నమ్మదగింది బీసీజీ. ఇది క్షయ టీకాలో వాడే, బలం తగ్గించిన బ్యాక్టీరియా. మోనోసైట్లనే తెల్ల రక్తకణాలను రాటుదేలుస్తుంది, టి కణాలనే మరో రకం రక్షణ కణాలనూ రంగంలోకి దింపుతుంది. 1976లో కెనడా వైద్యుడు మొరాలెస్ బృందం మూత్రాశయ క్యాన్సర్‌లో దీని ఫలితాలు ప్రచురించింది. మూత్రాశయ కండరంలోకి దిగని, ముప్పు ఎక్కువున్న గడ్డలకు ఆపరేషన్ తర్వాత ఇప్పటికీ దీన్నే మూత్రాశయంలోకి ఎక్కిస్తారు.

టైస్ అనే బీసీజీ రకం సీసాలో 10 కోట్ల నుంచి 80 కోట్ల దాకా బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది. క్షయ టీకా సీసా దీనికి బదులు కాదు. 2–8 డిగ్రీల చలిలో, వెలుతురు తగలకుండా దాచాలి. ప్రిజర్వేటివ్ లేని సెలైన్‌తో మొత్తం 50 మి.లీ. చేసి, రెండు గంటల్లోపు వాడేయాలి. గట్టిగా కుదిపితే ఉండకడుతుంది, మెల్లగా తిప్పితే చాలు. క్యాథెటర్‌తో (మూత్రనాళంలోకి దూర్చే సన్నని గొట్టంతో) మూత్రాశయం ఖాళీ చేశాక మందును దానంతటదే దిగనివ్వాలి, సిరంజితో నెట్టకూడదు. రోగి రెండు గంటలు ఆపుకోగలిగితే మంచిది.

ఎక్కువగా చెడేది ఇక్కడే. క్యాథెటర్ గీసుకుని రక్తం కనిపించినా మందు ఎక్కిస్తే బ్యాక్టీరియా రక్తంలోకి చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఆ రోజుకు ఆపి, కనీసం వారం ఆగాలి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడుతుంటే మందులోని బ్యాక్టీరియా చచ్చి, చికిత్స వృథా కావచ్చు.

వారానికొకటి చొప్పున ఆరు డోసులు, ఆపైన 3, 6, 12 నెలలకు మూడేసి. ముప్పు ఎక్కువైతే ఆరేసి నెలలకోసారి 36 నెలల దాకా. మొదటి ఆరుతో మానేయడం పెద్ద నష్టం, కొనసాగింపు డోసులే మళ్లీ రాకుండా కాపాడతాయి. పెద్ద లోపం సరఫరా: బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది, తయారీదారులు కొద్దిమందే, కొరత తరచూ వస్తుంది.

క్షయ ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు ఇది ఇవ్వరు. డోసు తర్వాత ఆరు గంటలు కూర్చునే మూత్రం పోసి, బ్లీచ్ వేసి, పావుగంట ఆగి ఫ్లష్ చేయాలి. మంట, మాటిమాటికీ మూత్రం ఒకట్రెండు రోజులు మామూలే. జ్వరం 38.5 డిగ్రీలు దాటినా, రెండు రోజులకు తగ్గకపోయినా డాక్టర్‌కు చూపించాలి. బీసీజీ బ్యాక్టీరియా ఒంటికి పాకితే క్షయ మందులే వాడతారు, అందులో పైరజినమైడ్ మాత్రం బీసీజీ మీద పనిచేయదు.