బుల్లెట్‌కి గ్యాస్ షాకప్‌లు వేయిద్దామనుకుంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

కోరాపుట్, జయపూర్, రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు బళ్ళు తోలే మనవాళ్ళందరికీ చెబుతున్నాను. వైజాగ్ వెళ్ళి బండికి షాకప్‌లు మార్పించుకుందామని ఎవరైనా అనుకుంటుంటే కాస్త ఆగండి. పెద్ద కంపెనీ పేరున్న పెట్టెలో పెట్టి నకిలీ గ్యాస్ షాకప్‌లు అంటగడుతున్నారు. మా తమ్ముడి బండికి అవే బిగించారు. సాలూరు వెళ్తుంటే పొట్టంగి దాటాక వెనక బ్రేకు పట్టలేదు. సుంకి ఘాట్ ఇంకా దిగకముందే తెలిసింది కాబట్టి వాడూ మా మరదలూ క్షేమంగా ఇంటికొచ్చారు. ఆ మలుపుల్లో తెలిసుంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది.

షాపు పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది. పైగా ఇలాంటి సరుకు ఒక్క కొట్టుకే పరిమితం కాదు. అందుకే పేరు కంటే సరుకును గుర్తుపట్టడం ముఖ్యం.

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 (మనవాళ్ళు దీన్నీ బుల్లెట్ అనే అంటారు), 2021లో వచ్చిన కొత్త మోడలు. మనిషి ఎక్కకముందే 195 కిలోలు. మరదలిని ఎక్కించుకుని, సంచులు తగిలించుకుని సాలూరు అత్తారింటికి వెళ్ళొస్తుంటారు. గోతిలో పడ్డప్పుడల్లా వెనక దబ్బుమని కొడుతోందనీ, మరదలికి నడుం నొప్పి వస్తోందనీ మంచి షాకప్‌లు వేయిద్దామనుకున్నాడు. కోరిక న్యాయమైనదే. వైజాగ్‌లో ఒక యాక్సెసరీస్ షాపులో అడిగితే, "కంపెనీ షాకప్‌లు సిటీ రోడ్లకే సార్, మీ కొండ రోడ్లకి గ్యాస్ ఉండాల్సిందే" అన్నారు. జత 14,000. హోలోగ్రామ్ స్టిక్కర్ ఉన్న పెట్టె, పక్కన ఎర్ర డబ్బా అతికించిన షాకప్, కింద క్లిక్కు క్లిక్కుమని తిరిగే నాబ్. బిల్లు అడిగితే పైన 'ఎస్టిమేట్' అని అచ్చేసిన చీటీ ఇచ్చారు. వారంటీకి మాదే పూచీ అన్నారు.

బిగించేటప్పుడే తేడా కనబడింది. షాకప్ చివర బోల్టు దూరే కంట్లోని బుష్షు (తొడుగు) పెద్దది, బండి బోల్టు సన్నం. మధ్యలో పైపు ముక్క కోసి దూర్చారు. "అన్ని బళ్ళకీ ఇలాగే వేస్తాం" అన్నారు. బండి వెనక ఎత్తు లేచింది. సైడు స్టాండు వేస్తే మరీ పక్కకి వాలిపోతోంది, మెయిన్ స్టాండు వేస్తే వెనక చక్రం నేలకి తగులుతోంది. అంటే ఈ షాకప్ పొడవు కంపెనీదాని కంటే ఎక్కువన్నమాట. ఎత్తు పెరిగితే బాగానే ఉంటుంది కదా అని అనుకోకండి. వెనక లేస్తే ముందు ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాల) వాలు మారుతుంది, హ్యాండిల్ చిన్న కదలికకే తిరిగిపోతుంది, చైను బిగువు మారుతుంది. ఘాట్ దిగేటప్పుడు ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

మొదటి రోజుల్లో మెత్తగా ఉందని వాడు సంతోషించాడు. మెత్తదనం వేరు, అదుపు వేరు. షాకప్‌లో రెండు పనులుంటాయి. స్ప్రింగు బరువు మోస్తుంది. లోపలి నూనె, వాల్వులు ఆ స్ప్రింగు ఊపును అణుస్తాయి. ఆ రెండోదే డ్యాంపింగ్. అది లేని షాకప్ మీద బండి ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. గోతిలో దిగిన చక్రం పైకి లేచి, మళ్ళీ దిగి, మళ్ళీ లేస్తుంది. చక్రం నేలను వదిలిన ఆ క్షణంలో బ్రేకూ లేదు, పట్టూ లేదు. జయపూర్ నుంచి కోరాపుట్ ఎక్కే ఘాట్ మీద, మలుపు మధ్యలో గతుకు తగిలితే వెనక భాగం పక్కకి జరిగినట్టు ఉంటోందని మరదలే మొదట చెప్పింది. ఎంత మెత్తగా ఉన్నా వెనక కూర్చున్నవాళ్ళు భయపడుతున్నారంటే ఆ మాట వినాలి.

తర్వాత వాన మొదలైంది. కుడి పక్క షాకప్ సీలు పోయి నూనె కారి డిస్కు మీద పడింది. ఈ బండికి వెనక డిస్కు కుడి వైపే ఉంటుంది. కాలి బ్రేకు నొక్కితే నున్నగా జారిపోయింది. ముందు బ్రేకుతో నెమ్మదిగా ఆపి, గుడ్డతో తుడిచి చూస్తే వేళ్ళకి జిడ్డు. బండిని వ్యాన్‌లో వేసి వెనక్కి తెచ్చారు.

జయపూర్‌లో మాకు తెలిసిన మెకానిక్ దాన్ని విప్పాడు. అసలైన గ్యాస్ షాకప్‌లో నైట్రోజన్ ఒత్తిడితో నింపి ఉంటుంది. ఇలా పక్కన డబ్బా ఉన్నవాటికి గ్యాస్ నింపే చిన్న వాల్వు మామూలుగా ఉంటుంది. దీనికి వాల్వు ఉండాల్సిన చోట ఉత్త ప్లాస్టిక్ మూత మాత్రమే ఉంది. ఒత్తిడి లేదని నిర్ధారించుకున్నాకే ఎర్ర డబ్బాని రంపంతో కోశాడు. లోపల పొడిగా, ఖాళీగా ఉంది. చుక్క నూనె లేదు. డబ్బాకీ షాకప్‌కీ మధ్య కనీసం బెజ్జం కూడా లేదు, పైన వెల్డింగ్ చేసి రంగు పూశారు. కింద తిరిగే నాబ్ విప్పితే లోపల ఒక బంతి, ఒక చిన్న స్ప్రింగు. క్లిక్కు శబ్దం కోసమే పెట్టారు, అది దేనికీ తగులుకోలేదు. ఆ డబ్బా రెండు ముక్కలనూ నా చేత్తో పట్టుకుని చూశాను. (ఎవరూ ఇంట్లో షాకప్ కోసి చూడొద్దు. అసలైనదైతే లోపలి ఒత్తిడికి పేలి కన్ను పోతుంది.)

ఆ డబ్బా అసలు పని ఏంటో చెబితే మోసం ఎంత పెద్దదో అర్థమవుతుంది. గతుకుల మీద గంటల తరబడి వెళ్తే షాకప్ నూనె వేడెక్కుతుంది, గాలి కలిసి నురగ కడుతుంది. నురగ కట్టిన నూనె వాల్వుల్లో అణుపు ఇవ్వలేదు. నైట్రోజన్ ఒత్తిడి ఆ నురగను రానివ్వదు. పక్క డబ్బాలో అదనపు నూనె, గ్యాసు విడివిడిగా ఉంటాయి కాబట్టి త్వరగా వేడెక్కదు. లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్, రాయగడల మధ్య ఎడతెగకుండా తిరిగేవాళ్ళకి అది నిజంగా ఉపయోగమే. ఖాళీ డబ్బాతో మాత్రం బరువు తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇంతకీ అందరికీ షాకప్ మార్చాల్సిన అవసరం ఉందా? మన చుట్టుపక్కల నేను చూసిన బళ్ళలో చాలావాటికి లేదు. తమ్ముడి బండికి పాత కంపెనీ షాకప్‌లు తిరిగి బిగించి, మెకానిక్ చేసిన పని చూశాక ఈ మాట గట్టిగా చెబుతున్నాను. క్లాసిక్ వెనక షాకప్‌కి ఆరు మెట్ల ప్రీలోడ్ (స్ప్రింగును ముందే ఎంత నొక్కి ఉంచాలో మార్చే ఏర్పాటు) ఉంది. స్ప్రింగు కింద గాడులున్న రింగు, దాన్ని తిప్పడానికి కొక్కెంలాంటి స్పానర్. వాడి బండిలో ఆ రింగు మీద మన ఎర్రమట్టి గట్టిపడిపోయి, షోరూం నుంచి వచ్చిన మెట్టులోనే ఉండిపోయింది. కడిగి, ఇద్దరి బరువుకి తగ్గట్టు రెండు పక్కలా సమానంగా పై మెట్టుకి తిప్పితే దబ్బుమనే శబ్దం చాలామటుకు పోయింది. ఒక పక్క ఒక మెట్టు, ఇంకో పక్క ఇంకో మెట్టు ఎప్పుడూ పెట్టకండి.

ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. గట్టిపడదు. స్ప్రింగు గట్టిదనం దాని తీగ మందం మీద, చుట్ల మీద ఉంటుంది. రింగు తిప్పితే మీరు కూర్చున్నప్పుడు బండి ఎంత కిందకి దిగుతుందన్నది మాత్రమే మారుతుంది. దాన్ని ఇంట్లోనే కొలవొచ్చు. వెనక ఇరుసు నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా టేపుతో కొలవండి. మొదట చక్రం గాల్లో ఉన్నప్పుడు ఒకసారి, తర్వాత మీరూ రోజూ ఎక్కే మనిషీ, రోజూ మోసే సామానూ ఎక్కాక ఇంకోసారి. చక్రం మొత్తం కదలగల దూరంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా దిగితే సరిగ్గా ఉన్నట్టు. ముందు ఫోర్కుకైతే గొట్టానికి జిప్ టై (ప్లాస్టిక్ కట్టు) ఒకటి చుట్టి, అది ఎంత జరిగిందో చూడండి. క్లాసిక్ ఫోర్కు కదలిక 130 మిల్లీమీటర్లు, అందులో 35 నుంచి 45 దాకా దిగడం మామూలే. పై మెట్టుకి తిప్పినా వెనక సగం దాకా కూరుకుపోతుంటే అప్పుడు మీ బరువుకి ఆ స్ప్రింగు చాలదని అర్థం. మంచి షాకప్ అవసరం అలాంటివాళ్ళకి ఉంది. ఎప్పుడూ ఇద్దరూ, సామానూ ఉండేవాళ్ళు, మనిషే తొంభై, వంద కిలోలుండేవాళ్ళు.

అంతకంటే ముందు చక్రాల్లో గాలి. మన పెట్రోల్ బంకుల్లో అడక్కపోతే అన్ని బళ్ళకీ ఒకే లెక్కన కొట్టేస్తారు. గాలి ఎక్కువైతే ఎంత ఖరీదైన షాకప్ వేసినా ఎగిరెగిరి పడుతుంది. తర్వాత ఫోర్కు నూనె. తమ్ముడి బండిది తీస్తే నల్లగా, బురదలా వచ్చింది. ఫోర్కు రెండు కాళ్ళలో ఒకే మట్టానికి కొత్త నూనె పోసి, సీళ్ళు మార్చి, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) బుష్షులు చూసి, హ్యాండిల్ బేరింగు బిగించాడు. పదిహేను వందలు దాటలేదు. ఆ తర్వాత మరదలే వెనక కూర్చుని చూసి, ఇప్పుడు బాగుందంది. నాకు ఆ మాట చాలు.

ఇన్ని చూసుకున్నాక కూడా కొనాలనుకునేవాళ్ళు కొనండి, నేను వద్దనను. కంపెనీ షాకప్ పొడవు రెండు కళ్ళ మధ్యల నుంచి కొలిచి రాసుకుని వెళ్ళండి. బుష్షు లోపలి కొలత కూడా. మీ బండి మోడలుకే తయారైందని పెట్టె మీద పార్ట్ నంబరు ఉండాలి, అదే నంబరు షాకప్ మీద కూడా ఉండాలి. మీ బరువెంత, వెనక ఎవరు కూర్చుంటారని అడక్కుండానే పెట్టె తీసి బల్ల మీద పెట్టే కొట్టులో కొనొద్దు. స్ప్రింగు బరువును బట్టి ఎంచుకోవాల్సిన వస్తువు. ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న డీలరా కాదా అన్నది అక్కడే ఫోన్‌లో చూడండి. సీలు పోతే విప్పి బాగుచేయించుకోవచ్చా, విడి భాగాలు దొరుకుతాయా అని అడగండి. పైపు ముక్క కోసి దూరుస్తామంటే అక్కడే ఆపించండి.

బిల్లు విషయంలో మొహమాటం వద్దు. ఎస్టిమేట్ చీటీ బిల్లు కాదు. పక్కా బిల్లు మీద 15 అక్షరాల జీఎస్‌టీ నంబరు ఉంటుంది. ఆంధ్రా కొట్టుదైతే 37తో, ఒడిశా కొట్టుదైతే 21తో మొదలవుతుంది. జీఎస్‌టీ వెబ్‌సైట్‌లో కొడితే ఆ నంబరు ఎవరిదో వచ్చేస్తుంది. బిల్లు మీద షాకప్ పార్ట్ నంబరు రాయించుకోండి.

తమ్ముడు ఫోన్ చేస్తే షాపాయన మొదట లోడు ఎక్కువ వేశారన్నాడు. తర్వాత, "మీది ఒడిశా, మాది ఆంధ్రా, ఏం చేస్తారో చేసుకోండి" అన్నాడు. సరిహద్దులో ఉన్న మనందరినీ ఈ మాటతోనే భయపెడతారు. అది అబద్ధం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నది ఎక్కడైనా, మీరుంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. కోరాపుట్‌లో ఉండేవాళ్ళు కోరాపుట్‌లో, రాయగడవాళ్ళు రాయగడలో. వస్తువు విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. రెండేళ్ళ లోపు వేయాలి. ముందుగా 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. మేం ఎస్టిమేట్ చీటీ, ఫోన్‌లో డబ్బు పంపిన రికార్డు, పెట్టె ఫొటోలు, కోసిన డబ్బా ఫొటోలు ఫిర్యాదుకి జతచేసి పంపాం. ఆ తర్వాత షాపాయన గొంతు మారింది, సగం డబ్బులిస్తానంటున్నాడు. తమ్ముడు ఒప్పుకోలేదు. ఒప్పుకోవద్దని నేనూ చెప్పాను. ఇది డబ్బుల గొడవ ఒక్కటే కాదు, ఆ పెట్టెలు ఇంకొకరి బండికి ఎక్కకూడదు.

ఇంకో సంగతి. కొత్తవి బిగించాక, పాతవి ఇక్కడే వదిలేస్తే ఐదొందలు తగ్గిస్తామంటారు. తమ్ముడితోనూ అన్నారు. వాడు వదల్లేదు, గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. బండి మర్నాడే మళ్ళీ రోడ్డెక్కిందంటే వాటివల్లే. మీరు ఎక్కడ ఏం వేయించుకున్నా పాత షాకప్‌లు, వాటి బోల్టులు, వాషర్లతో సహా అడిగి తీసుకుని రండి.