బట్టమేకకి ఏది మేలు: 2021 తీర్పా, 2024 తీర్పా?

నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు బీడులో పొద్దున్నే నిలబడితే మోకాలెత్తు గడ్డి, దాని మీద మంచు, దూరంగా కృష్ణజింకల గుంపు కనిపిస్తాయి. నేను వెళ్లింది మాత్రం బట్టమేక (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) అనే పెద్ద పిట్ట కోసం. 1988లో ఆ చోటుని అభయారణ్యం చేసిందే ఆ పిట్ట కోసం కదా. వెంట వచ్చిన పెద్దాయన్ని అడిగితే "యాడుండాయి సార్, మా చిన్నప్పుడు చేలల్లో తిరిగేవి" అన్నాడు. చుట్టూ పంటలు మారాయి, బీళ్లు తగ్గాయి, పిట్ట కనబడకుండా పోయింది. దేశం మొత్తం మీద ఇప్పుడు నూట యాభై కూడా లేవంటున్నారు, అవీ దాదాపు అన్నీ జైసల్మేర్ వైపే.

1972 వన్యప్రాణి చట్టంలో దీని పేరు మొదటి షెడ్యూల్‌లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది, దాన్ని ఎవరూ తీసెయ్యలేదు. రక్షణ సడలింది, ఎగురుతూ తగిలి చచ్చిపోతున్న కరెంటు తీగల దగ్గర.

2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది సూటిగా ఉంది. రాజస్థాన్, గుజరాత్‌లలో ఈ పిట్ట ఉండే చోట్ల, ఉండగల చోట్ల, సుమారు 99,000 చదరపు కిలోమీటర్లలో, తీగలు భూమిలోంచి వెయ్యాలి, సాధ్యం కాదంటే కమిటీ చూసి చెప్తుంది, ఈలోగా తీగలకి పిట్టలు గుర్తుపట్టేలా డైవర్టర్లు కట్టాలి. ఆ తర్వాత కేంద్రంలో విద్యుత్, పునరుత్పాదక ఇంధన శాఖలతో పాటు పర్యావరణ శాఖ కూడా దీన్ని మార్చమని కోర్టుకెళ్లింది. పిట్టని కాపాడాల్సిన శాఖే అలా అడగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 2024 మార్చిలో కోర్టు ఆ 99,000 మీద ఉన్న మొత్తం ఆంక్షని ఎత్తేసి, ఎక్కడ ఏం చెయ్యాలో తేల్చమని నిపుణుల కమిటీని వేసింది.

ప్రభుత్వం వాదనలో పస లేదని అనను. హై వోల్టేజ్ లైన్లు మైళ్ల కొద్దీ పాతిపెట్టడం కష్టం, ఖర్చు ఎన్నో రెట్లు, ఆ లైన్లు మోసే సోలార్ కరెంటు లేకపోతే బొగ్గే గతి. మా కర్నూలు వైపే గని, శకునాల ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, దాన్ని చూసి సంతోషపడ్డవాణ్ణే నేను. అంత విస్తీర్ణానికి ఒకే రూలు పెట్టడం కూడా ఎక్కువే అనిపిస్తుంది.

కానీ పిట్ట సంగతి చూడండి. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది, కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్నది సరిగ్గా కనబడదు. తీగ దగ్గరపడ్డాక అంత బరువుతో చప్పున పక్కకి తిరగలేదు. డైవర్టర్ అంటే తీగకి వేలాడే మెరిసే బిళ్ల, మిగతా పిట్టలకి అది బాగానే పనికొస్తుంది, బట్టమేక దాన్ని చూసేసరికే ఆలస్యమైపోతుంది. ఏటా 18 దాకా ఇలా పోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా. పెట్టేది ఏడాదికి ఒక్క గుడ్డు.

అందుకే నా ఓటు 2021 తీర్పుకే. అందులో ముందు "వద్దు" ఉంది, మినహాయింపు కావాలంటే కంపెనీ వచ్చి అడగాలి. 2024 తర్వాత పని ఆగదు, పిట్ట తరఫున ఎవరో ఒకరు వెళ్లి అడగాలి. విస్తీర్ణం తగ్గించి రూలు ఉంచేసి ఉంటే సరిపోయేది, 2025 డిసెంబరులో చివరికి సుప్రీంకోర్టు దాదాపు అక్కడికే వచ్చింది: రాజస్థాన్‌లో 14,013, గుజరాత్‌లో 740 చదరపు కిలోమీటర్లు ప్రాధాన్య ప్రాంతం, అక్కడ కొత్త గాలిమరలు, పెద్ద సోలార్ ప్లాంట్లు వద్దు. ఇది మంచిదే. ఈ మాటకి రావడానికి నాలుగున్నరేళ్లు పట్టింది, ఏటికి 18 లెక్కన ఎన్ని పోయి ఉంటాయో మీరే వేసుకోండి.

కేంద్రాల్లో గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు కదా, ఇక టెన్షన్ ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. జైసల్మేర్ జిల్లా సమ్, రామ్‌దేవ్రాల్లో జరుగుతున్న ఆ పని నిజంగా గొప్పది. ఆ పిల్లల్ని వదలాల్సింది మాత్రం ఆ తీగల కిందే.