ఒక కొలనోస్కోపీ విభాగం: పరీక్షకు ముందు చెప్పిన మాటలు, తర్వాత చెప్పిన మాటలు

పెద్దపేగు లోపలి గోడను కెమెరా గొట్టంతో పరిశీలించే కొలనోస్కోపీ నాకు రెండుసార్లు, రెండు వేర్వేరు ఆసుపత్రులలో జరిగింది. మొదటిచోట నాతో అన్నది ఒక్కటే మాట: "ఏమీ ఉండదు, భయపడకండి." ఆ "ఏమీ"లో ఎంతెంత ఉందో బల్ల మీద పడుకున్నాక గాని తెలియలేదు. ఈ సమీక్ష రెండవ ఆసుపత్రి గురించి. వైద్యుల చేతి నైపుణ్యాన్ని తూచే అర్హత నాకు లేదు కనుక, రోగిని పరీక్షకు ఎలా సిద్ధం చేశారన్న విషయానికే పరిమితమవుతాను.

పరీక్షకు వారం ముందు ఒక సిస్టర్ నన్ను కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ముందుగా నేను వాడే మందుల సంగతి అడిగారు. ఐరన్ మాత్రలు మలాన్ని నల్లగా, జిగటగా మార్చి పేగు గోడను కనపడనివ్వవని, అందుకే కొన్నాళ్ల ముందే ఆపిస్తారని చెప్పారు. రక్తాన్ని పలుచబరిచే మాత్రలను మాత్రం డాక్టరు గారిని అడగకుండా ఎవరికి వారు ఆపేయకూడదని రెండుసార్లు హెచ్చరించారు.

ఈ పరీక్షలో అసలు కష్టమంతా పేగు శుభ్రపడడానికి తాగే పాలిఇథిలీన్ గ్లైకాల్ మందునీళ్లతోనే. సిస్టర్ ఆ సంగతి దాచలేదు. "ఉప్పగా, కాస్త జారుడుగా ఉంటుంది. చల్లబరిచి తాగితే కొంత నయం. మూడో గ్లాసుకో నాలుగో గ్లాసుకో కడుపులో తిప్పవచ్చు, అప్పుడు కాసేపు ఆగి, మళ్లీ మొదలుపెట్టండి" అన్నారు. నాకు మూడో గ్లాసు దగ్గరే తిప్పింది. ఏదో అయిపోతోందన్న కంగారు మాత్రం పుట్టలేదు. ఆమె చెప్పిన మజిలీకే చేరాననుకుని గ్లాసు పక్కన పెట్టి కూర్చున్నాను. సగం ముందు రాత్రి, మిగతా సగం తెల్లవారుజామున ఎందుకు తాగాలో కూడా వివరించారు: రాత్రంతా చిన్నపేగు నుంచి పైత్యరసం, ఇతర స్రావాలు దిగి పెద్దపేగు మొదటి భాగాన్ని మళ్లీ కప్పేస్తాయట. కారణం తెలియకపోతే ఆ రెండో విడతను నేను తప్పకుండా ఎగ్గొట్టి ఉండేవాణ్ణి.

పరీక్ష గురించి చెప్పేటప్పుడు ఆమె డాక్టర్లు ఏం చేస్తారో చెప్పి ఊరుకోలేదు, నాకు ఎలా అనిపిస్తుందో కూడా చెప్పారు. ఎడమవైపు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకోవాలి. గాలి నింపినప్పుడు కడుపు బిగుస్తుంది, విరేచనం వస్తున్నట్లు ఉంటుంది గాని రాదు. పేగు మలుపుల దగ్గర లోపల సాగదీసినట్లవుతుంది, మలుపు దాటగానే సడలుతుంది. తట్టుకోలేకపోతే చెయ్యి ఎత్తమన్నారు. తేలికపాటి మత్తులో ఉన్న నేను ఒకసారి ఎత్తాను. గొట్టం ఆగింది, కొంత గాలి తీసేశారు, తర్వాతే ముందుకు వెళ్లారు. ఎత్తితే ఆపుతారని రుజువయ్యాక మళ్లీ ఎత్తవలసిన అవసరం రాలేదు.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. 1964లో ఎగ్బర్ట్ బృందం న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 97 మంది ఉదర శస్త్రచికిత్స రోగులపై జరిపిన అధ్యయనాన్ని ప్రచురించింది. నొప్పి ఎక్కడ వస్తుందో, ఎందుకు వస్తుందో, ఎలా సర్దుకోవాలో ముందే విన్నవారికి నల్లమందు జాతి నొప్పిమందులు దాదాపు సగమే సరిపోయాయి. అలాగని ఎలా చెప్పినా ఫరవాలేదనుకోకూడదు. "ఇప్పుడు బాగా మండుతుంది" వంటి హెచ్చరికలు రోగి నొప్పిని, ఆందోళనను పెంచుతాయని 2005లో ఎల్విరా లాంగ్ బృందం చూపింది. ఇక్కడ సూది గుచ్చిన సిస్టర్ "చల్లగా తుడుస్తున్నాను, ఇప్పుడు సూది" అని మాత్రమే అన్నారు.

ఇంత శ్రద్ధ పరీక్ష ముగియగానే మాయమైంది. మెలకువ వచ్చిన పావుగంటకు డాక్టరు గారు మంచం దగ్గరకు వచ్చి ఫలితం చెప్పారట. నేను తల ఊపి, ఒక ప్రశ్న కూడా అడిగానట. నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. మిడజోలం వంటి మత్తుమందు ఇచ్చాక మనిషి చక్కగా మాట్లాడుతూనే విన్నది మరచిపోతాడని ఆ విభాగానికి తెలియనిది కాదు. అయినా బయట కూర్చున్న నా భార్యను లోపలికి పిలవలేదు. అంగీకారపత్రం కూడా గౌను వేసుకుని స్ట్రెచర్ మీద ఉన్నప్పుడు చేతికిచ్చారు. పేగుకు రంధ్రం పడే ప్రమాదం అరుదేనన్న వాక్యాన్ని చదవవలసిన స్థితి అది కాదు, వారం ముందే ఇవ్వవచ్చు. పక్క మంచం పెద్దాయన కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే, లోపలి గాలిని మొహమాటపడకుండా వదిలేయమని ఆయనకు చెప్పడానికి అరగంట పట్టింది. ముందు చెప్పిన మాటలకు ఐదుకు ఐదు మార్కులు వేస్తాను, తర్వాత చెప్పినవాటికి రెండు.

మర్నాడు ఫోన్ చేస్తే మొదటిరోజు సిస్టరే తీశారు. చిన్న పాలిప్ (పేగు లోపలి గోడ మీద మొలిచే కండ) ఒకటి తీసి బయాప్సీకి పంపారని, ఎక్కువ రక్తం పడితే గాని, తీవ్రమైన కడుపునొప్పి లేదా జ్వరం వస్తే గాని ఆగకుండా వచ్చేయాలని చెప్పి, "ఇప్పుడు మీరు చెప్పండి, నేను వింటాను" అన్నారు. చెప్పాను. జ్వరం సంగతి వదిలేశాను, ఆమె గుర్తు చేశారు.